మెదీనా ఇంటిపేరు ఏ ఊరిది? అరబిక్ మూలమున్న స్పానిష్ ఇంటిపేర్ల జాడ తీసే పద్ధతి

చార్మినార్ నుంచి నయాపూల్ వైపు నడుస్తుంటే మదీనా సర్కిల్ వస్తుంది. అరబిక్‌లో ‘మదీనా’ అంటే పట్నం. ఆ మాటే స్పెయిన్‌లో ‘మెదీనా’ అయింది. స్పెయిన్‌లోనూ, మెక్సికో నుంచి చిలీ దాకానూ లక్షల మందికి అది ఇంటిపేరు. ఆఫీసులో పక్క సీట్లో ఉన్న మెదీనానో, స్పానిష్ నేర్పే అల్కాలా టీచరునో చూస్తే “మీ పూర్వీకులు అరబ్బులా?” అనే ప్రశ్న మన నోటిదాకా వస్తుంది. ఆ పేర్లున్న వాళ్ళలో చాలామంది తమను తాము అడుగుకునే ప్రశ్న కూడా అదే.

ఆ ఒక్క ప్రశ్నలో రెండున్నాయి. మాట ఎక్కడిది అన్నది మొదటిది. ఆ మాటను మోస్తున్న కుటుంబం ఎక్కడిది అన్నది రెండోది. మొదటిదానికి మంచి నిఘంటువు ఉంటే అరగంట పని. రెండోదానికి చర్చి పుస్తకాలు, దస్తావేజులు తిరగెయ్యాలి, ఏళ్ళు పట్టవచ్చు. మొదటిదాని జవాబును రెండోదానికి అంటించెయ్యడం దగ్గరే నూటికి తొంభై తప్పులు పుడతాయి. అందుకే కింద చెప్పే పనిని వరసగా చేయండి, మధ్యలో మెట్టు దాటెయ్యకండి. మెదీనాను ముందు పెట్టుకుని నడుద్దాం. అవసరమైనప్పుడు వేరే పేర్లూ వస్తాయి.

ముందుగా, పేరును ఉన్నదున్నట్టు రాసుకోండి

స్పెయిన్‌లో ఒక్కొక్కరికీ రెండు ఇంటిపేర్లుంటాయి. తండ్రి మొదటి ఇంటిపేరు ముందు, తల్లి మొదటి ఇంటిపేరు తర్వాత వస్తాయి. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. 2017 నుంచి ఏది ముందుండాలో తల్లిదండ్రులే తేల్చుకోవాలి. జాడ తీసేవారికి ఈ పద్ధతి పెద్ద వరం, ఎందుకంటే తల్లి వైపు పేరు కూడా ప్రతి కాగితంలోనూ కనిపిస్తుంది.

కానీ ఈ క్రమం గట్టిపడింది 19వ శతాబ్దంలోనే. అంతకు ముందు ఒకే తల్లి పిల్లల్లో ఒకరు తండ్రి పేరు, ఒకరు అమ్మమ్మ పేరు, ఇంకొకరు ఆస్తి ఇచ్చిన మేనమామ పేరు పెట్టుకోవడం మామూలు. స్పానిష్ సాహిత్యంలో అందరికంటే పెద్ద పేరైన సెర్వాంతెస్‌నే చూడండి. ఆయన తల్లి ఇంటిపేరు కోర్తీనాస్. ఆయన మాత్రం నడివయసులో తనకు తానుగా ‘సావేద్రా’ను చేర్చుకున్నాడు. కాబట్టి 1600 నాటి ఒక మెదీనాకు తండ్రి కూడా మెదీనాయే అయి ఉంటాడని అనుకోకండి.

పేరుతో పాటు దాని ఇతర రూపాలన్నీ ఒక కాగితం మీద పెట్టండి. స్పానిష్‌లో ‘బి’, ‘వి’ అక్షరాలు రెండూ ఒకే ధ్వని. అందుకే బెనేగాస్ అనే పేరును ఒక గుమాస్తా ‘బి’తో, మరొకడు ‘వి’తో రాశాడు. ‘జెడ్’, ‘సి’, ‘ఎస్’ కూడా పాత కాగితాల్లో కలగాపులగంగా ఉంటాయి, ముఖ్యంగా దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియాలోనూ అమెరికా ఖండాల్లోనూ. మెదీనా ఈ విషయంలో సుఖమైన పేరు, పెద్దగా మారదు. అన్ని పేర్లూ ఇంత బుద్ధిగా ఉండవు.

బిరుదును ఇంటిపేరు అనుకోవడం ఇంకో పొరపాటు. 1588లో ఇంగ్లండ్ మీదికి వెళ్ళిన స్పానిష్ నౌకాదళానికి సేనాని మెదీనా సిదోనియా డ్యూకు. ఆయన ఇంటిపేరు మెదీనా కాదు, గుజ్మాన్. మెదీనాసెలీ డ్యూకుల పాత వంశనామం దె లా సెర్దా. జమీను పేరు వేరు, ఇంటిపేరు వేరు. వంశవృక్షాలు గీసేవాళ్ళు మెదీనాలందరినీ డ్యూకుల ఇంట్లోకి చేర్చెయ్యడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తర్వాత, మాటను విడదీయండి

అరబిక్‌లో నామవాచకం ముందు ‘అల్’ వస్తుంది. స్పానిష్ వాళ్ళు ఆ ‘అల్’ను కూడా మాటలో భాగమే అనుకుని పట్టేశారు. అల్‌+ఖల్అ (కోట) అల్కాలా అయింది. మనం గోల్కొండ ఖిల్లా అన్నప్పుడు పలికే ‘ఖిల్లా’ అదే మాట, పారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చింది. అల్‌+ఖంతరా (వంతెన) అల్కాంతరా. అల్‌+ముదవ్వర్ (గుండ్రనిది) అల్మోదోవర్.

కొన్ని హల్లుల ముందు అరబిక్ ‘అల్’లోని లకారం కరిగి పక్క హల్లుగా మారుతుంది. అలా ‘అర్‌+రబద్’ (ఊరి వెలుపలి పేట) అర్రబాల్ అయింది, ‘అజ్‌+జైతూనా’ (ఆలివ్ పండు) నుంచి అసెయితూనో వచ్చింది. రెండూ ఇంటిపేర్లుగా ఉన్నవే. అంటే ‘అల్’ కనబడనంత మాత్రాన అరబిక్ లేదని కాదు.

‘బెని’, ‘బెన్’, ‘అబెన్’ అనేవి ‘కొడుకు, కొడుకులు, ఫలానా వాళ్ళ వంశం’ అనే అర్థమున్న అరబిక్ మాటల నుంచి వస్తాయి. వలెన్సియా తీరంలో బెనిదోర్మ్, బెనికాసిమ్ లాంటి ఊళ్ళు అందుకే అంత వరసగా ఉంటాయి. ‘గ్వాద్’ అంటే ‘వాదీ’, నది లేదా నదీలోయ. గ్వాదల్‌కివీర్ అంటే పెద్ద నది.

ధ్వని విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. స్పెయిన్‌లో మాట్లాడిన అరబిక్ పుస్తకాల అరబిక్ కాదు. అక్కడి వాడుకలో దీర్ఘమైన ‘ఆ’ చాలాచోట్ల ‘ఏ’, ‘ఈ’ల వైపు జారింది. గ్రనాడాలోని బిబ్-రంబ్లా చౌరస్తా పేరు ‘బాబ్ అర్-రమ్లా’, ఇసుక ద్వారం. అక్కడివాళ్ళ నోట ‘బాబ్’ ‘బీబ్’ అయింది. గ్రంథస్థ అరబిక్ నిఘంటువు ఒక్కటే చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఇలాంటివి దొరకవు. స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో చాలా మాటల కింద వ్యుత్పత్తి ఇస్తారు, ‘హిస్పానిక్ అరబిక్’ అనే సంక్షిప్త గుర్తుతో సహా. మొదట అక్కడ చూడండి.

ఇప్పుడు మోసపోయే చోట్లు. ‘అల్’తో మొదలైనవన్నీ అరబిక్ కావు. అల్వారెస్, అలోన్సో జర్మానిక్ పేర్లు, అరబ్బుల కంటే ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల నాటివి. అల్బా లాటిన్. అల్మెంద్రోకు మూలం బాదంకు లాటిన్ వాళ్ళు వాడిన మాట, దానికి ‘అల్’ అరబిక్ మాటల సావాసం వల్ల అంటుకుంది. బెనీతెస్‌లోని ‘బెన్’ అరబిక్ కాదు, బెనెదిక్త్ అనే లాటిన్ పేరు. బెనవెంతె కూడా లాటినే. మొదటి రెండక్షరాలు చూసి తీర్పు చెప్పేవారి మాట నమ్మకండి.

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంది. అల్కాసర్ అనే ఇంటిపేరు అరబిక్ ‘అల్‌-ఖస్ర్’ నుంచి వచ్చింది, కోట అనో రాజభవనం అనో అర్థం. కానీ ఆ ‘ఖస్ర్’ను అరబ్బులే రోమన్ల సైనిక శిబిరం పేరైన ‘కాస్త్రా’ నుంచి తీసుకున్నారు. అల్బర్రాసీన్ అనే పేరు బనూ రజీన్ అనే వంశానిది. ఆ వంశం 11వ శతాబ్దంలో అక్కడ చిన్న రాజ్యం ఏలింది. వాళ్ళు అరబ్బులు కారు, ఉత్తర ఆఫ్రికా స్థానికులైన బెర్బర్లు. అరబిక్ మాట వేరు, అరబ్బు మనిషి వేరు అన్న సంగతి ఇక్కడే మొదటిసారి తగులుతుంది.

అర్థం దొరికాక, అది ఏ రకం పేరో తేల్చుకోండి

కొన్ని పదవుల పేర్లు. అల్కాల్దె అంటే ఈనాడు మేయరు, మూలంలో ‘అల్‌-ఖాదీ’, న్యాయం చెప్పేవాడు. మన కాజీపేటలో ఉన్న కాజీ అతనే. అల్కైదె కోట కాపలా అధికారి. అల్గ్వాసిల్ ‘అల్‌-వజీర్’ నుంచి వచ్చి, మంత్రి స్థాయి నుంచి కోర్టు బంట్రోతు స్థాయికి దిగింది. అల్ఫేరెస్ ‘అల్‌-ఫారిస్’, గుర్రపు రౌతు. ఈ పదవులన్నీ క్రైస్తవ రాజ్యాల్లోనూ అవే పేర్లతో నడిచాయి. కాబట్టి ఆ ఇంటిపేరున్నవాడి తాత క్రైస్తవ రాజ్యమైన కస్తీల్ రాజు కొలువులో ఉద్యోగి అయి ఉండవచ్చు.

కొన్ని చేతివృత్తులు. అల్ఫయాతె దర్జీ, అల్ఫఖేమె మంగలి. వీటి కథ కూడా పదవుల కథే.

ఒక పేరు దగ్గర మాత్రం తెలుగువాళ్ళం కాసేపు ఆగాలి. నరాంఖో అనే స్పానిష్ ఇంటిపేరుంది, నారింజ చెట్టు అని అర్థం. స్పానిష్‌కు అది అరబిక్ ‘నారంజ్’ నుంచి వచ్చింది. అరబిక్‌కు పారసీ ‘నారంగ్’ నుంచి, పారసీకి సంస్కృత ‘నారంగం’ నుంచి. ఆ సంస్కృత మాట వెనక ద్రావిడ మూలం ఉందని భాషావేత్తల్లో చాలామంది అంటారు. మనింట్లో రోజూ పలికే నారింజ, బొగొటాలో ఒక నరాంఖో గారి తలుపు మీది పేరు ఒకే కొమ్మ కాయలు. అంతమాత్రాన నరాంఖో గారికి తెలుగు తాత ఉన్నాడని ఎవరమూ అనం కదా! మరి మెదీనా గారికి అరబ్బు తాతను మాత్రం అంత తేలిగ్గా ఎందుకు అంటగడతాం?

మెదీనా ఏ రకం పేరు? ఊరి పేరు. ఇంటిపేర్లలో ఊరి పేర్లంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఏ మెదీనా? ఇదే అసలైన పని

కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది రాజమహేంద్రవరంలో, ఇంటిపేరు చెప్పేది కందుకూరును. ఊరి పేరు ఇంటిపేరుగా అతుక్కునేది ఆ ఊళ్ళో కాదు, ఊరు విడిచి వెళ్ళినచోట. కందుకూరులో అందరూ కందుకూరు వాళ్ళే, ఆ మాటతో ఒకరిని గుర్తుపట్టడం కుదరదు. స్పెయిన్‌లోనూ ఇంతే. ‘దె మెదీనా’ అని ఒకడిని పిలిచారంటే అతను మెదీనాలో లేడు, సెవియాలోనో తొలేదోలోనో ఉన్నాడు, మెదీనా నుంచి వచ్చాడు. కాబట్టి పాత కాగితంలో పేరు కనిపించిన ఊరు మొదటి ఊరు కాదు. ఆ పేరు ఉన్న ఊరికి వెనక్కి వెళ్ళాలి.

కానీ ఏ మెదీనాకు? స్పెయిన్‌లో ఆ పేరున్న ఊళ్ళు చాలా ఉన్నాయి, ఒక్కొక్కదాని చరిత్ర ఒక్కో రకం.

మెదీనా దెల్ కాంపో వయ్యదోలిద్ ప్రాంతంలో, ఉత్తరాన దువేరో నది పరీవాహక ప్రాంతంలో ఉంది. అక్కడ ముస్లిం పాలన ఆందలూసియాలో లాగా శతాబ్దాల తరబడి సాగలేదు. ఊరి పేరు అరబిక్, ఊరి బతుకు మాత్రం కస్తీలియన్ క్రైస్తవుల వ్యాపారం. 15, 16 శతాబ్దాల్లో అక్కడి సంతలకు ఐరోపా నలుమూలల వర్తకులు వచ్చి ఉన్ని అమ్మారు, హుండీలు మార్చుకున్నారు. రాణి ఇసబెల్ 1504లో కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఇంత రాకపోకలున్న ఊరి నుంచి జనం నాలుగు దిక్కులకూ చెదిరిపోవడం, వెళ్ళినచోటల్లా ‘మెదీనా వాళ్ళు’ అనిపించుకోవడం సహజం. అదే ప్రాంతంలో మెదీనా దె రియోసెకో, ఇంకా ఉత్తరాన బుర్గోస్ వైపు మెదీనా దె పోమార్ ఉన్నాయి.

దక్షిణాన కాదిస్ దగ్గరి మెదీనా సిదోనియా వేరే లోకం. రోమన్ల కాలంలో అది అసీదో. ముస్లింల పాలనలో ఐదు శతాబ్దాలకు పైగా ఉండి, 13వ శతాబ్దంలో పదో అల్ఫోన్సో చేతికి వచ్చింది. ఇక సోరియా దగ్గరి మెదీనాసెలీ ‘మదీనత్ సాలిమ్’, సాలిమ్ పట్నం. తర్వాత లాటిన్ చదువుకున్నవాళ్ళు దానిని ‘స్వర్గపు పట్నం’ అని అర్థం వచ్చేలా తిప్పి చదివారు. ఉత్తరాది క్రైస్తవ రాజ్యాలను గడగడలాడించిన కొర్దోబా సేనాని అల్-మన్సూర్ 1002లో దండయాత్ర నుంచి తిరిగి వస్తూ చనిపోయింది ఇక్కడే.

మూడు చోట్లా మాట ఒక్కటే, వెనక ఉన్న జనం ఒక్కరు కారు. అందువల్ల ‘మెదీనా అంటే అరబిక్‌లో పట్నం’ అని తేల్చగానే పని అయిపోయిందని పుస్తకం మూసెయ్యకండి. మీ మెదీనా ఏ మెదీనాయో తెలిసేదాకా మీ చేతిలో ఉన్నది నిఘంటువు అర్థం మాత్రమే.

ఊరు తేల్చడానికి రెండు దారులు. మొదటిది మ్యాపు. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ వెబ్‌సైట్‌లో ఇంటిపేరు కొడితే ఏ ప్రావిన్సులో ఎంతమంది ఉన్నారో చెబుతుంది. అరుదైన పేరుకు ఇది దీపంలా పనిచేస్తుంది. మెదీనా లాంటి విస్తారమైన పేరుకు పెద్దగా ఉపయోగపడదు, పైగా పెద్ద పట్నాలకు వలస వెళ్ళినవారి వల్ల దారి తప్పిస్తుంది. రెండోది కాగితం, దాని దగ్గరికి వస్తున్నాం.

ఊరి పేరే ఇంటిపేరు కావడానికి ఇంకో కారణం కూడా ఉంది, కాస్త బాధ కలిగించేది. తండ్రి పేరు చెప్పుకోలేని పిల్లలకు ఊరే తండ్రి అయ్యేది. పెరూ దండయాత్రలో పిసార్రోకు భాగస్వామి అయిన దియేగో దె అల్మాగ్రో పెళ్ళికాని తల్లిదండ్రుల బిడ్డ. ఆయన ఇంటిపేరు పుట్టిన ఊరిదే. ఆ ఊరి పేరుకు మూలం ఎర్రమట్టికి అరబిక్ మాట.

ఎవరు పెట్టుకున్నారు? ఇక్కడ తొందరపడకండి

711లో ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో దిగాయి. 1492లో అక్కడి చివరి ముస్లిం రాజ్యమైన గ్రనాడా పడిపోయింది. మధ్యలో దాదాపు 780 ఏళ్ళు. ఇన్ని తరాల్లో అరబిక్ ఒక్క మతంవారి భాషగా ఉండిపోలేదు. 1085లో ఆరో అల్ఫోన్సో తొలేదోను గెలిచాక కూడా అక్కడి క్రైస్తవులు అరబిక్‌లోనే ఇళ్ళు కొన్నారు, పొలాలు అమ్మారు, వీలునామాలు రాశారు. మొజారబులనే ఆ క్రైస్తవుల అరబిక్ దస్తావేజులు 12, 13 శతాబ్దాలవి వెయ్యికి పైగా మిగిలాయి. వాళ్ళలో చాలామందికి ఒక క్రైస్తవ పేరు, పక్కన ఒక అరబిక్ పేరు ఉండేవి. యూదులకూ అంతే. 16వ శతాబ్దంలో సలోనికాలో (ఈనాటి గ్రీసు) యూదు ధర్మశాస్త్రంలో పెద్ద తలకాయ అనిపించుకున్న రబ్బీ పేరు సామ్యూల్ దె మెదీనా. అదే శతాబ్దంలో మెక్సికోలో పాదరసంతో వెండి తీసే పద్ధతిని అమలు చేసిన సెవియా వర్తకుడు బర్తొలోమే దె మెదీనా. ఒకే ఇంటిపేరు సినగాగులోనూ గనిలోనూ కనిపిస్తుంది.

మరి నిజంగా ముస్లింలైన వారి సంతతికి ఏ పేర్లు మిగిలాయి? ఈ ప్రశ్న దగ్గరే నాకు చరిత్ర మనసును పట్టేసింది.

గ్రనాడాలో 1500 ప్రాంతంలో, కస్తీల్ రాజ్యమంతటా 1502లో, వలెన్సియా, అరగాన్‌లలో 1520లలో ముస్లింలను బలవంతంగా బాప్టిజం తీసుకోమన్నారు. అలా మతం మార్చబడినవారే మొరిస్కోలు. బాప్టిజం అంటే కొత్త పేరు. మొరిస్కోలకు క్రైస్తవ పేరుతో పాటు చాలాసార్లు సాక్షిగా నిలిచిన జ్ఞానపిత ఇంటిపేరో, ఊరి ప్రభువు ఇంటిపేరో వచ్చింది. అంటే ముస్లిం ముత్తాతలున్న కుటుంబం ఫెర్నాందెస్ అనో మెందోసా అనో కాగితాల్లో ఉండే అవకాశం, మెదీనా అని ఉండే అవకాశం కంటే తక్కువేమీ కాదు. అరబిక్‌గా వినిపించే పేరు వల్ల ముప్పు ఉన్న కాలంలో, ముప్పులో ఉన్నవాడు ఆ పేరును ఎందుకు ఉంచుకుంటాడు?

1567లో రాజశాసనం ఇంకో అడుగు వేసింది. అరబిక్ భాష, దుస్తులు, స్నానశాలలు, అరబిక్ పేర్లు, అన్నీ మానెయ్యమంది. ఫ్రాన్సిస్కో నూనెస్ మూలెయ్ అనే మొరిస్కో పెద్దమనిషి గ్రనాడా అధికారులకు ఒక విన్నపం రాశాడు. పాత ఇంటిపేర్లు పోతే ఎవరు ఎవరో, ఏ వంశం ఏదో తెలియకుండా పోతుందని అందులో వాదించాడు. ఆయన మాట చెల్లలేదు. వంశాల జాడ వెతికే ప్రతివాడూ ఆ విన్నపాన్ని ఒకసారి చదవాలని నా కోరిక. మనం ఇవాళ వెతుకుతున్నది పోతుందని ఆయన అప్పుడే చెప్పాడు.

1568 చివర అల్పుహర్రాస్ కొండల్లో తిరుగుబాటు లేచింది. రాజుగా ఎన్నుకున్న యువకుడి పేరు ఫెర్నాందో దె వాలోర్. వాలోర్ అనేది అక్కడి ఒక కొండ ఊరు. రాజు కాగానే అతను ఆ పేరు వదిలి అబెన్ హుమేయా అయ్యాడు, ఒకప్పుడు కొర్దోబాను ఏలిన ఉమయ్యద్ ఖలీఫాల వంశం వాడినని చాటుకుంటూ. తిరుగుబాటు అణిగాక గ్రనాడా మొరిస్కోలను కస్తీల్ అంతటా చెదరగొట్టారు. ఖాళీ అయిన ఊళ్ళలో బయటి ప్రాంతాల నుంచి జనాన్ని తెచ్చి నింపారు. 1609 నుంచి 1614 మధ్య దాదాపు 3 లక్షల మంది మొరిస్కోలను దేశం నుంచే వెళ్ళగొట్టారు.

వెళ్ళినవాళ్ళు తమ స్పానిష్ ఇంటిపేర్లను వెంట తీసుకెళ్ళారు. మొరాకోలోని తెతువాన్‌లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు అబ్దుల్ ఖాలిక్ తోర్రెస్. తోర్రెస్ అంటే స్పానిష్‌లో బురుజులు, లాటిన్ మూలం. అరబిక్ ఇంటిపేరున్న క్రైస్తవుడు సెవియాలో, లాటిన్ ఇంటిపేరున్న ముస్లిం తెతువాన్‌లో. పేరు చెవికి ఎలా వినబడుతుందో దాన్నిబట్టి రక్తం సంగతి చెప్పవద్దని నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే.

ఇక కాగితాలు: తెలిసిన తరం నుంచి వెనక్కి

ఎప్పుడూ తెలిసినవారి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. 1500 నాటి ఒక గొప్ప మెదీనాను పట్టుకుని ముందుకు నడిస్తే మీరు కోరుకున్న చోటికే చేరతారు, నిజం ఉన్నచోటికి కాదు.

స్పెయిన్‌లో జనన, వివాహ, మరణాల సివిల్ రిజిస్టరు 1871 జనవరి 1న మొదలైంది. జనన పత్రం అడిగేటప్పుడు సంక్షిప్త నకలు కాదు, పూర్తి నకలు కావాలని చెప్పండి. దాన్ని అక్కడ ‘లితెరాల్’ అంటారు. అందులో తల్లిదండ్రులతో పాటు తాతయ్యల, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, వాళ్ళ ఊళ్ళు కూడా ఉంటాయి, ఒక్క కాగితంతో రెండు తరాలు దాటవచ్చు. మెక్సికో కుటుంబమైతే అక్కడి సివిల్ రిజిస్టరుకు చట్టం 1859లో వచ్చింది.

అంతకు ముందుకు చర్చి బాప్టిజం పుస్తకాలే దిక్కు. 1563లో ముగిసిన ట్రెంట్ సభ వీటిని అన్ని పారిష్‌లకూ, అంటే ఊరి చర్చి పరిధులకూ, తప్పనిసరి చేసింది. కొన్నిచోట్ల ఇంకా పాతవి ఉన్నాయి. సెర్వాంతెస్ బాప్టిజం నమోదు అల్కాలా దె ఎనారెస్‌లో 1547 అక్టోబరు 9 తేదీతో మిగిలి ఉంది. పుస్తకాలు కొన్ని పారిష్‌లోనే ఉంటాయి, కొన్ని బిషప్పు ఆర్కైవుకు చేరాయి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో చాలావాటి ఫోటోలు ఉచితంగా చూడవచ్చు. దగ్గర బంధువుల మధ్య పెళ్ళికి చర్చి అనుమతి కోరిన ఫైళ్ళు దొరికితే అదృష్టమే. బంధుత్వం చూపడానికి వాటిలో వంశవృక్షమే గీసి పెట్టేవారు.

ఈ పుస్తకాల్లో రెండు మాటలు వేరువేరుగా పట్టుకోండి. ‘నతురాల్ దె’ అంటే ఫలానా ఊళ్ళో పుట్టినవాడు. ‘బెసీనో దె’ అంటే ఫలానా ఊళ్ళో కాపురం ఉంటున్నవాడు. మీకు కావలసిన వెనకటి ఊరు మొదటి మాట పక్కన ఉంటుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా రెండోదాన్ని చూసి దారి తప్పుతారు.

స్పెయిన్ ప్రభుత్వ ఆర్కైవుల పోర్టల్ పేరు పారెస్. ఉచితం. కస్తీల్ రాజ్యంలో 1750ల ప్రాంతంలో జరిగిన ఎన్సెనాదా సర్వేలో ఊరూరి జవాబులు అందులో ఉన్నాయి. అమెరికాకు ఓడెక్కినవారి అనుమతి పత్రాలు సెవియాలోని ఇండీస్ ఆర్కైవులో ఉన్నాయి, చాలావాటిలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు ఉంటాయి. లాటిన్ అమెరికా కుటుంబాలకు సముద్రం దాటించే వంతెన ఇదే. గ్రనాడా ప్రాంతం వారైతే 1570ల నాటి ‘అపేయో’ పుస్తకాలను వదలవద్దు. మొరిస్కోలు వదిలిన ఇల్లు, పొలం, మల్బరీ చెట్టు దాకా లెక్కగట్టి కొత్తవారికి పంచిన పుస్తకాలవి. పాత యజమానుల అరబిక్ పేర్లు స్పానిష్ లిపిలో కనిపిస్తాయి, పక్కనే కొత్తగా వచ్చినవాడి పేరు, అతని సొంత ఊరు.

16వ శతాబ్దపు గొలుసుకట్టు రాత చదవడం ఒక విద్య. తేదీలు, పేర్లు, ఊళ్ళు మాత్రం ముందు పట్టుకోండి. ఒకే గుమాస్తా చేతిరాత పది పేజీలు చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆ కాలంలో చాలా పదవులకు ‘రక్తశుద్ధి’ రుజువు అడిగేవారు, అంటే ముస్లిం, యూదు పూర్వీకులు లేరని సాక్ష్యం. సాక్షులు తెలిసీ దాచారు, వంశచరిత్రలు అల్లించుకున్నారు. ‘మా వంశం పాత క్రైస్తవులది’ అని ఒక ఫైలు గట్టిగా చెబుతుంటే ఎవరు, ఎందుకు, ఏ పదవి కోసం చెప్పించారో ముందు చూడండి. ఇక ఇంటిపేరు చెబితే చాలు రంగుల కులచిహ్నం ముద్రించి అమ్మే దుకాణాలకు డబ్బు తగలెయ్యకండి. ఆ చిహ్నాలు ఒక్కొక్క వంశానికి దక్కినవి, ఇంటిపేరున్న ప్రతివారికీ కాదు.

చిక్కుముడి పేరు ఎలా ఉంటుందో చూపడానికి: బెనేగాస్

‘బెన్’ అరబిక్, కొడుకు. ‘ఏగాస్’ వాయవ్య ఐబీరియాలో క్రైస్తవులు విరివిగా పెట్టుకున్న పేరు. రెండూ కలిసి ‘ఏగాస్ కొడుకు’. పోర్చుగల్‌లో ఇదే పేరు వియేగాస్. క్రైస్తవులే పక్కింటి అరబిక్ పద్ధతిలో తండ్రి పేరు చెప్పుకున్నారన్నమాట.

15వ శతాబ్దంలో కొర్దోబా సరిహద్దులోని లూకె ప్రభువుల ఇంటి పిల్లవాడిని గ్రనాడా సైనికులు పట్టుకుపోయారు. అక్కడే ముస్లింగా పెరిగాడు. రిద్వాన్ బన్నిగాష్ అన్న పేరుతో గ్రనాడా రాజకీయాల్లో పెద్దవాడయ్యాడు. బన్నిగాష్ అంటే బెనేగాసే, అరబిక్ నోట. ఆ ఇంటివారు వజీరులయ్యారు. 1489లో బాసా కోట లొంగిపోయాక గ్రనాడా రాచకుటుంబానికి చెందిన సీదీ యహ్యా క్రైస్తవుడై పేద్రో దె గ్రనాడా అయ్యాడు. అతని భార్య బెనేగాస్ ఇంటి ఆడపడుచు. వాళ్ళ సంతతి గ్రనాడా బెనేగాస్ అని పిలిపించుకుని, అల్హంబ్రా పక్కన ఉన్న హెనెరాలీఫె తోటలకు తరతరాలుగా అధికారులుగా ఉంది. ఆ తోటలు వాళ్ళ వారసుల చేతి నుంచి ప్రభుత్వానికి దక్కింది 1921లో, చాలాకాలం నడిచిన దావా తర్వాత. ఊళ్ళో వాళ్ళ ఇల్లు కాసా దె లోస్ తీరోస్ ఇప్పుడు మ్యూజియం.

అరబిక్ ముందుమాటతో క్రైస్తవుల పేరు, ముస్లింల నోట మరో రూపం, తిరిగి క్రైస్తవుల బిరుదు. అయినా ఈనాటి బెనేగాస్ ఒకరు ఈ ఇంటివారా, లేక ఏగాస్ అనే మరో తండ్రి సంతతా అన్నది పేరు చెప్పదు. బాప్టిజం పుస్తకం చెబుతుంది.

దొరికింది ఎలా రాసుకోవాలి

ఒక పేజీని మూడు గళ్ళుగా గీయండి. మొదటి గడిలో మాట మూలం: ‘మెదీనా, అరబిక్, పట్నం’. రెండో గడిలో ఊరు: ఏ మెదీనా, ఏ కాగితం ఆధారంగా. ఆధారం లేకపోతే గడి ఖాళీగా ఉంచండి, ఊహతో నింపకండి. మూడో గడిలో కుటుంబం: ఒక్కొక్క తరం, పుట్టిన ఊరు, ఏ పుస్తకం, ఏ పుట. మొదటి గడిలో ఉన్నదాన్ని మూడో గడిలోకి ఎప్పుడూ ఎక్కించకండి. వెతుకులాట ఆగిన తరం పక్కన, తర్వాత చూడవలసిన పుస్తకం ఏ పారిష్‌లో ఉందో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.